మంగతాయారు చెయ్యి

రేకుల కుండ మీద అమ్మ కుడిచెయ్యి గాల్లో ఆగిపోయి, ఎవరైనా ఏదైనా చెప్తే బావుణ్ణన్నట్టు అలాగే ఎదురుచూస్తూ ఉండిపోవడం చూసి, హైమ గుమ్మంలోనే నిలబడిపోయింది.

పిండిలో ముంచిన తెల్లగుడ్డ నుంచి చుక్కలు బోర్లించిన కుండ మీద పడి చుయ్యిమంటున్నాయి. కింద కొబ్బరాకుల మంట ఎగసిపోతోంది. ఆ చెయ్యి మాత్రం కదలడం లేదు.

ఆత్రేయపురంలో మంగతాయారు పూతరేకు తీస్తుంటే దారినపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. గుడ్డ ముంచడం, కుండ మీద లాగడం, ఆరిన రేకుని ఒలిచి పక్కన పెట్టడం, ఈ మూడూ ఆమె చేతిలో ఒకటే కదలిక. ఆ పని చేస్తూనే కూరగాయలవాడితో బేరమాడేది, కూతుర్ని తిట్టేది, రేడియోలో పాటకి కూనిరాగం తీసేది. చూపు కుండ మీద ఉండేదే కాదు.

ఇప్పుడు ఆమె కళ్ళు రెండూ కుండకే అతుక్కుని ఉన్నాయి.

"అమ్మా."

మంగతాయారు ఉలిక్కిపడి గుడ్డని పిండిగిన్నెలో జారవిడిచింది. "నువ్వా? ఫోనన్నా చెయ్యకుండా ఊడిపడ్డావేంటే? ఇవాళ ఆస్పత్రి లేదా?"

"చెయ్యి ఎందుకాగింది?"

"ఆగడమేంటి? కుండ వేడి చూస్తున్నా."

"చెయ్యి గాల్లో పెట్టి చూస్తారా వేడి?"

"పోలీసాఫీసర్లా అడక్కు. వచ్చి కూచో. పెసరట్టు పోస్తాను."

వసారాలో కుర్చీలో కూచుని టిఫిన్ తింటున్న తండ్రి గంగరాజు తల తిప్పకుండానే అన్నాడు. "వయసమ్మా. యాభై దాటాక ఎవరికైనా అంతే. నువ్వు అనవసరంగా గాభరా పడకు, దాన్ని గాభరా పెట్టకు."

హైమ ఫిజియోథెరపిస్టు. రాజమండ్రిలో ఓ ఆస్పత్రిలో పక్షవాతం వచ్చినవాళ్ళ చేతుల్ని పట్టుకుని మళ్ళీ పని నేర్పించడమే ఆమె ఉద్యోగం. వయసు వల్ల వణికే చెయ్యి ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. ఇది అలా లేదు.

తల్లిని పీట మీద కూచోబెట్టి పరీక్ష మొదలుపెట్టింది. తన వేళ్ళు పట్టుకుని పిడికిలి బిగించమంటే ఎముకలు నొప్పెట్టేలా బిగించింది. పిన్నీసు మొనతో తాకితే ఎక్కడ తాకిందో కళ్ళు మూసుకునే చెప్పింది. నేల మీద బియ్యపుగింజ తియ్యమంటే తీసింది. బలం ఉంది, స్పర్శ ఉంది, చూపుడువేలి కొసన కూడా వణుకు లేదు.

"ఇప్పుడు జడేసుకో."

"ఈ వేళప్పుడా?"

"వేసుకోమ్మా."

మంగతాయారు జుట్టు ముడి విప్పి మూడు పాయలు చేసింది. ఒక మెలిక వేసింది. రెండో మెలిక దగ్గర కుడిచెయ్యి ఆగిపోయింది. ఇందాక కుండ మీద ఆగినట్టే.

హైమ మెల్లగా అంది. "కుడిపాయ మధ్యకి."

చెయ్యి కదిలింది. మెలిక పడింది. మళ్ళీ ఆగింది.

"ఎడంపాయ."

కదిలింది.

హైమ నోరు మూసుకుంది. చెయ్యీ ఆగిపోయింది. తల్లి తలదించుకుని, సగం అల్లిన జడ పట్టుకుని, బళ్ళో లెక్క రాక నిలబడ్డ పిల్లలా ఉండిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"ఎండల్లో మొదలైంది. కంకణం పెట్టుకున్నప్పుడు ఎలాగో నడుస్తోంది. తీస్తే ఇదుగో, ఇలా." మంగతాయారు జుట్టుని గబగబా ముడి చుట్టబోయింది. చుట్టలేక వదిలేసింది. "చెప్పడానికేముందే? వయసుకి మందుందా ఏంటి? మీ నాన్న అన్నట్టు, ఏదో ఇన్నాళ్ళు తెచ్చుకున్న భాగ్యం."

హైమ వసారావైపు చూసింది. తండ్రి కుడిచేత్తో పెసరట్టు ముక్క తుంచి, అల్లప్పచ్చడికి అద్ది, నోట్లో పెట్టుకుంటున్నాడు. చిటికెనవేలు కాస్త పైకి లేచి ఉంది. అది అమ్మ తినే తీరు.

ఆ చేతికి ఒక కంకణం ఉంది. దాని జోడు హైమ హ్యాండ్‌బ్యాగులో ఉంది. శుభ్రం చేయడానికి మామయ్య ప్రయోగశాలకి తీసుకెళ్ళింది, ఇవాళ అమ్మకి తిరిగి ఇచ్చిపోదామని వచ్చింది.

ఆమె బ్యాగు తెరవలేదు. స్కూటర్ తాళాలు తీసుకుంది.

* * *

గోదావరి గట్టు మీద, పాత పెంకుటింటికి "ఒడుపు" అని చెక్క బోర్డు ఉంటుంది. లోపలికెళ్ళేవాళ్ళు సెల్‌ఫోను గుమ్మం పక్కన వెదురుబుట్టలో పెట్టాలి. లోపల ఏ యంత్రమూ కూత పెట్టదు. ఎర్రదీపం వెలగదు. గోడ గడియారం కూడా లేదు. హైమ మేనమామ ముక్తేశ్వర్రావు పెట్టిన పద్ధతులవి.

నరాల వైద్యం చదవడానికి చైనా వెళ్ళిన ముక్తేశ్వర్రావు, అక్కడ ఓ కొండ మీది మఠంలో సెలవులకని చేరి మూడేళ్ళు ఉండిపోయాడు. తిరిగొచ్చాక ఎవరితో ఏం మాట్లాడినా తావో మాట వచ్చేది. తావో అంటే దారి అనేవాడు. గోదారి ఎవర్నీ అడిగి వంకర తిరగదు, అయినా సముద్రానికి దారి తప్పలేదు, పని అలా జరగాలి అనేవాడు. మన వస్తువులన్నీ మనల్ని పిలుస్తూనే ఉంటాయి, ఫోను పిలుస్తుంది, వాచీ పిలుస్తుంది, చివరికి ఫ్రిజ్జు కూడా పిలుస్తుంది, పిలవని వస్తువొక్కటి చేసి చూపిస్తానని ఊరంతా చెప్పాడు.

చేసి చూపించాడు కూడా. చెయ్యితిరిగినవాళ్ళ చేతికి ఒక కంకణం, చెయ్యి పడిపోయినవాళ్ళ చేతికి ఒక కంకణం. మొదటి చేతిలోని ఒడుపు రెండో చేతికి అందుతుంది. ఇచ్చే చెయ్యి రోజూ ఓ గంట తన పని తాను చేసుకుంటే చాలు. పుచ్చుకునే చెయ్యి ఆలోచించక్కర్లేదు.

మొదటి జంట అతని సొంత అక్కా బావే. రెండేళ్ళ కిందట గంగరాజుకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కాలవ లాకుల దగ్గర లస్కరుగా పనిచేసి, ఇనుపతలుపుల్ని చేత్తో తిప్పి ఎత్తిన మనిషి, భార్య కలిపి పెట్టిన ముద్ద కోసం నోరు తెరుచుకుని కూచునేవాడు. అతన్ని ప్రయోగానికి ఒప్పించింది హైమ. మొదటిసారి కంకణం పెట్టిన రోజున అతను ముద్ద చేసి నోట్లో పెట్టుకుంటే, చిటికెనవేలు అచ్చం మంగతాయారులా లేచింది. అందరూ నవ్వారు. మంగతాయారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "ఏవండీ, ఇన్నేళ్ళు కాపరం చేసినా రాలేదు, ఇప్పుడొచ్చింది మీకు నా పద్ధతి" అంది.

ఆ నవ్వు గుర్తు చేసుకుంటూనే హైమ ఫోను బుట్టలో పెట్టి లోపలికి నడిచింది.

"కూచోవే మేనకోడలా. టీ పెట్టనా?" అన్నాడు ముక్తేశ్వర్రావు స్టవ్వు దగ్గర్నుంచి.

"అమ్మ చెయ్యి పోయింది మామయ్యా."

టీగిన్నె అలాగే వదిలేసి వచ్చాడతను. ఆమె చూసిందంతా చెప్పింది. జడ సంగతి విన్నప్పుడు అతని మొహంలో రంగు మారింది. కానీ వెంటనే తల అడ్డంగా ఊపాడు.

"కుదరదే. నిన్న శుక్రవారం కూడా ఇంటిమాట విన్నాను. అక్కకి బ్రహ్మాండంగా ఉందనే చెప్పాడు బావ."

ఇంటిమాట. అది ఈ ప్రయోగశాల ఆచారం. పుచ్చుకునే చేతిని యంత్రం కొలుస్తుంది. ఇచ్చే చేతిని కొలవదు. యంత్రం మనిషిని కొలవడం మొదలుపెడితే మనిషి ఆ అంకె కోసం బతకడం మొదలెడతాడని ముక్తేశ్వర్రావు ఆ కొలత తీయించేశాడు. దాని బదులు ఇంట్లోవాళ్ళొకరు ప్రతి శుక్రవారం వచ్చి, గట్టు మీద కూచుని టీ తాగుతూ, ఇచ్చే మనిషి ఎలా ఉందో నోటితో చెప్పాలి. రాసుకోరు. మొహం చూసి వింటారు. ఈ పనికి గంగరాజు పేరు చెప్పింది హైమే. అమ్మ మొహమాటస్థురాలు, బాధ ఉన్నా చెప్పదు, నాన్నయితే సూటిగా చెప్తాడు అంది.

"నాన్నకేం తెలుసు మామయ్యా? అమ్మ ఆయన దగ్గరా దాచి ఉంటుంది. వయసని సర్దిచెప్పుకుని ఉంటుంది."

పక్కగదిలోంచి ఫణి వచ్చాడు. యంత్రాలు చూసే ఇంజనీరతను. మొదట్నుంచీ ఇచ్చే చేతికీ కొలత ఉండాలి, తేడా వస్తే గంట మోగాలి అని గొడవపడి, గురువుగారి చేత "గంటల గోపన్న" అని పేరు పెట్టించుకున్నవాడు.

"మేడమ్, మీరు కుడిపాయ అనగానే కదిలిందన్నారు. అనకపోతే?"

"ఆగిపోయింది."

ఫణి గురువుగారి వైపు చూశాడు. గురువుగారు కిటికీలోంచి నదివైపు చూస్తున్నాడు.

"సార్, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నువ్వే చెప్పు."

ఫణి బల్ల మీదున్న కంకణం తీసి హైమ మణికట్టుకి తొడిగాడు. ఒక పెన్ను ఇచ్చాడు. "మీ సంతకం పెట్టండి."

పెట్టింది. రెండో అక్షరం దగ్గర చర్మం కింద చీమ పాకినట్టు సన్నటి జలదరింపు. మూడో అక్షరం దగ్గర ఇంకోటి.

"అది కంకణం అడగడం. ఇక్కణ్ణుంచి పైకా, కిందికా అని మీ చేతిని అడుగుతుంది. చెయ్యి జవాబు చెప్తుంది. ఆ జవాబులే అవతలి చేతికి వెళ్తాయి. అడక్కుండా ఒడుపు బయటికి రాదు మేడమ్. ఇంకో పదిసార్లు పెట్టండి."

పెట్టింది. ఫణి కంకణం ఊడదీశాడు. "ఇప్పుడు."

కాలేజీ రోజుల నుంచీ గీకుతున్న సంతకం. రెండో అక్షరం తర్వాత పెన్ను ఒక్క లిప్తపాటు తడబడింది. రానిదాని కోసం ఎదురుచూసింది. తర్వాత ముందుకెళ్ళింది, వంకరగా.



"మీకు పదిసార్లకే ఇలా ఉంది," అన్నాడు ఫణి. "మీది ఇంకో గంటలో సర్దుకుంటుంది. ఆవిడని ఏడాదిగా రోజుకి గంటసేపు అడుగుతున్నాం. జవాబు చెప్పడం అలవాటైన చేతికి, అడక్కపోతే ఏం చెయ్యాలో తెలీదు."

"సోమవారం ముద్ర ఉంది కదా?" అంది హైమ.

ముద్ర అంటే చివరి పాఠం. ఆ రోజు అడగడం రోజంతా, లోతుగా సాగుతుంది. అది పూర్తయితే గంగరాజు చేతికి ఇక రోజూ పాఠాలు అక్కర్లేదు, ఒడుపు కంకణంలో నిలిచిపోతుంది. అవతల మంగతాయారు చేతిలో మిగిలిన కాస్తా ఏమవుతుందో ఇప్పుడు ముగ్గురికీ తెలుసు. అదే సోమవారం నుంచి ఇంకా కొన్ని ఇళ్ళలో కొత్త జంటలు మొదలుపెట్టాలి. ఒక వడ్రంగి, ఒక నర్సు, మనవడికి రాయడం నేర్పాలని ఆశపడుతున్న ఒక తాతగారు. వాళ్ళంతా మొదటి జంట బావుందన్న మాట మీదే ఒప్పుకున్నారు.

"ఆపితే?" అంది హైమ.

"ఇప్పుడే ఆపి, ఆ చేతిని ఎవరూ అడక్కుండా వదిలేస్తే, మెల్లగా తిరిగి రావచ్చు. మొత్తం కాకపోవచ్చు." ఫణి ఆగాడు. "కానీ పాఠాలు ఆగితే, ముద్ర పడకపోతే, మీ నాన్నగారి చెయ్యి మళ్ళీ పడిపోతుంది."

 

ముక్తేశ్వర్రావు కిటికీ దగ్గర్నుంచి కదిలాడు. అతను ఒక్కసారిగా ముసలివాడిలా ఉన్నాడు. "చెయ్యి పెట్టకుండా ఉండటం గొప్ప విద్య అని నాకు నేర్పారు హైమా. నిజమే. కానీ అక్కడ నాకు నేర్పినాయన తన తోటలో ప్రతి మొక్క దగ్గరా రోజూ వంగి చూసేవాడు. లాగేవాడు కాదు, కత్తిరించేవాడు కాదు. చూసేవాడు. నేను చూడటం కూడా మానేసి, దానికీ అదే పేరు పెట్టుకున్నా."

"అలా అయితే అమ్మ చెయ్యి నేనెప్పుడు పట్టుకుని చూశాను?" అంది హైమ. "వచ్చిన ప్రతిసారీ నాన్న చెయ్యే చూశాను. ఎంత బాగా తిరుగుతోందో అని వీడియోలు తీశాను."

"పద," అన్నాడతను. "అక్కతో నేనే చెప్తాను."

బుట్టలోంచి ఫోన్లు తీసుకోవడం ఇద్దరూ మర్చిపోయారు.

* * *

వాళ్ళు ఆత్రేయపురం చేరేసరికి ఇంటి ముందు అరుగు మీద పక్కింటి బుల్లెమ్మ కూచుని రేకులు చుడుతోంది. తడిగుడ్డ మీద రేకు పరిచి, నెయ్యి రాసి, బెల్లప్పొడి జల్లి, మడత పెట్టి పెట్టెలో సర్దుతోంది. నోరు మాత్రం చేతుల కంటే జోరుగా ఉంది.

"రండి డాక్టరు గారూ, రండి. అక్కగారింటికి దారి గుర్తుందే? మీ మఠంలో వాళ్ళు చూపించారా?"

"బాగున్నావా బుల్లెమ్మా."

"బాగుంటాకేం. మీ అక్క పుణ్యమా అని నడుం పడిపోయేలా చుడతన్నా. హైదరాబాదు నుంచి ఆర్డర్లు. ఈ మధ్య రేకు మరీ పల్చన. ఇదుగో చూడండి, అరచేతిలో పెడితే గీతలు కనబడతన్నాయి. జాతకం చెప్పించుకోవచ్చు."

హైమ ఆగిపోయింది.

"ఈ రేకులు అమ్మ తీసినవా?"

"కాక? మా ఆయన తీస్తాడా?"

హైమ లోపలికి నడిచింది. మంగతాయారు మంచం మీద కూచుని ఉంది. జడ ఇంకా సగంలోనే ఉంది. గంగరాజు కిటికీ పక్కన పడక్కుర్చీలో పేపరు చదువుతున్నాడు.

"అమ్మా, ఆ రేకులు ఎవరు తీస్తున్నారు?"

మంగతాయారు భర్తవైపు చూసి, తర్వాత సిగ్గుపడుతూ చెప్పింది. "అరవకే, బుల్లెమ్మకి వినపడుద్ది. నా చేత కావట్లేదని మీ నాన్న లాకుల అవతల ఎవరో ఒకావిణ్ణి మాట్లాడారు. పిండి నేను రుబ్బిస్తా. పొద్దున్నే వాకింగుకి పోతూ ఆయన ఆటోలో పట్టుకెళ్తారు, మధ్యాన్నానికి రేకులు తెస్తారు. ఊళ్ళో పేరు పోకూడదని."

"ఆవిడ రేకు నువ్వు చూశావా?"

"నేనెందుకు చూస్తా? తెచ్చింది తెచ్చినట్టు బుల్లెమ్మకి ఇచ్చేస్తారు. చూస్తే నాకు బాధని ఆయనే చూడొద్దన్నారు."

ముక్తేశ్వర్రావు బయటికెళ్ళి ఒక రేకు రెండు చేతుల మీదా పెట్టుకుని తెచ్చాడు. ఏ అనుమానంతో తెచ్చాడో అప్పటికి అతనికే తెలియదు. "అక్కా, ఒక్కసారి చూడు."

మంగతాయారు రేకుని అందుకుని గుమ్మం వెలుతురులోకి ఎత్తి పట్టుకుంది. చాలాసేపు చూసింది. అంచు దగ్గర వేలు ఆపింది. అక్కడ కనుబొమలాంటి సన్నటి గీత ఉంది.

"గుడ్డ ఎత్తేటప్పుడు మణికట్టు తిప్పుతాను," అంది. "మా అమ్మ తిట్టేది ఆ పాడలవాటు మానమని. చివర పిండి మడతపడి ఇలా గీతలా నిలుస్తుంది. ఊళ్ళో ఇంకెవరి రేకుకీ ఇది ఉండదు." "ఒరే తమ్ముడూ, ఇది నేను తియ్యలేదురా. కానీ ఇది నా చెయ్యేరా."



హైమ తండ్రి దగ్గరికెళ్ళింది. అతని కుడిచేతిని తీసుకుని తిప్పింది. ఇన్నాళ్ళూ మణికట్టు ఎంత తిరుగుతోందో, వేళ్ళు ఎంత ముడుస్తున్నాయో చూసింది కానీ, అరచెయ్యి చూడలేదు. వేలికొసల మీద చర్మం ఎర్రగా కమిలి ఉంది. అక్కడక్కడ చిన్న బొబ్బలు మానిన మచ్చలు. కుండ వేడికి రేకు ఒలిచేవాళ్ళ వేళ్ళకి ఉండే మచ్చలు.

"నాన్నా."

గంగరాజు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాదనలేదు. బుకాయించలేదు. ఎడంచేత్తో కంకణం గొళ్ళెం తియ్యబోయాడు. రాలేదు.

"ఇది తియ్యమ్మా ముందు. ఇది ఉండగా మాట్లాడితే నేను మాట్లాడినట్టుండదు."

"నాన్నా, తీస్తే..."

"తెలుసు. తియ్యి."

హైమ తీసింది. ఆ చెయ్యి తాడు తెగిన చేదలా ఒళ్ళోకి జారి, పేపరు మీద పడి ఉండిపోయింది. దానివైపు ఒకసారి చూసుకుని, గంగరాజు తన భార్యవైపు తిరిగాడు.

"లాకుల దగ్గర ఎవరూ లేరు తాయారూ. నా పాత షెడ్డే. అక్కడే కుండ పెట్టుకున్నా. మొదటిరోజు సరదాకి చూశా, వస్తుందా అని. వచ్చేసింది. కుడిచేతిని చూసి ఎడంచెయ్యి కూడా నేర్చుకుంది. గుడ్డ లాగుతుంటే నా చెయ్యి నాది కానట్టు, ఎవరో ఎత్తుకుని నడిపిస్తున్నట్టు ఉండేది. నీకు ఇన్నేళ్ళూ అలా ఉండేదని నాకు తెలీనే తెలీదు. నీ పక్కనే బతికాను, నువ్వు ఏం చేస్తున్నావో ఎప్పుడూ చూళ్ళేదు.

"నీ చెయ్యి తగ్గిపోతోందని నాకు అందరికన్నా ముందే తెలుసు. ఎండల్లో నువ్వు కవ్వం పట్టుకుని అలా నిలబడిపోయావే, ఆ పొద్దున్నే. ముప్పై ఏళ్ళు లాకులు తిప్పినవాణ్ణి. ఇవతల నీళ్ళు పెరిగితే అవతల తగ్గినట్టే. అది నాకు డాక్టర్లు చెప్పాలా? అప్పటికి నా అంతట నేను తినగలుగుతున్నా. లుంగీ కట్టుకోగలుగుతున్నా. నీ చేత నోట్లో పెట్టించుకున్న ముద్దలు గుర్తొచ్చాయి. పక్కింటోళ్ళు వచ్చినప్పుడు నువ్వు నా మూతి తుడిచేదానివి. ఇంకోసారి అలా బతకలేననుకున్నా.

"ముక్తేశ్వర్రావ్, నీ తప్పేం లేదయ్యా. నువ్వు నమ్మావ్. ప్రతి శుక్రవారం నీ టీ తాగుతూ నీ మొహంలోకి చూసి అబద్ధం చెప్పాను. ఆవిడకేం, రాయిలా ఉందన్నాను. గంట ఉంటే మోగేది. నాకు గంట లేదు. హైమా, నువ్వు నా పేరు చెప్పావు, నాన్న సూటిగా చెప్తాడని. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా లోపల ఏదో తెగేది. అయినా చెప్పలేదు. ఈ సోమవారంతో అయిపోతుంది, తర్వాత దాని చెయ్యి సంగతి ఏదో చూద్దాం అనుకున్నా. ఏదో చూడ్డానికి ఏమీ మిగలదని కూడా తెలుసు.

"ఇవన్నీ ఒకెత్తు. ఇప్పుడు చెప్పేది ఒకెత్తు. ఇది పిల్ల ముందే చెప్పాలి, నీకొక్కదానికే చెప్తే నువ్వు కప్పెట్టేస్తావు. చెయ్యి ఎందుకిలా అవుతోందండీ అని నన్నే అడిగావు తాయారూ. ఇంకెవర్నీ అడగలేదు. కంకణం వల్ల అని నోటిదాకా వచ్చింది. వయసైపోయిందే నీకు అన్నాను. ముసలిదానివైపోయావు, ఒప్పుకోవాలి అన్నాను. నువ్వు నమ్మావు. ఆ రాత్రి నా కాళ్ళ దగ్గర కూచుని ఏమన్నావో గుర్తుందా? మీకు ఓపిక లేనప్పుడే నాకూ ఇలా అయింది, మీకు భారమైపోతున్నానేమో, ఏమనుకోకండి అన్నావు.

"నేను నీ తల మీద ఈ చేత్తోనే నిమిరి, ఫర్లేదులే అన్నాను."